జపాను బొమ్మల రామాయణం: వద్దన్న పెద్దాయనే మళ్ళీ టిక్కెట్టు తీయమన్నారు

ములకలపల్లి: "రాముణ్ణి కార్టూను చేస్తారా? చేసింది చాలక, దాన్ని డబ్బులిచ్చి చూడాలా? నేను రాను. మీరు పోయి రండి" అని కుర్చీలోంచి లేవని మనిషి, అదే రోజు రాత్రి సినిమా హాలు మెట్లు దిగుతూ "రేపు కూడా ఆడుతదా ఇది?" అని అడిగారు. వెంట ఉన్నవాళ్ళం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ మనిషి ఈ వ్యాసకర్తకు స్వయాన మేనమామ.

మామయ్యకు డెబ్బయి అయిదేళ్ళు దాటాయి. మా ఊరి రామాలయంలో భజన మేళానికి చాలాకాలంగా ఆయనే పెద్ద. శ్రీరామనవమికి భద్రాచలం పోని ఏడాది ఆయన లెక్కలో లేదు. ఒంట్లో సత్తువ ఉన్న రోజుల్లో అడవి దారిన నడిచివెళ్ళి, గోదావరిలో మునిగి, కల్యాణం చూసి, తలంబ్రాలు తువాలు చెంగున ముడివేసుకొని తిరిగి వచ్చేవారు. రాముడి విషయంలో ఆయన మాటకు ఊళ్ళో ఎదురు లేదు.

అలాంటి మామయ్య కంటి శుక్లాల ఆపరేషను కోసం హైదరాబాదులో కూతురి ఇంటికి వెళ్ళారు. తోడుగా నేనూ వెళ్ళాను. ఆపరేషను అయి, డాక్టరు ఇక ఏదైనా చూడవచ్చు అన్న వారంలోనే, 2025 జనవరి 24న జపానువారు తీసిన 'రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ' అనే బొమ్మల చిత్రం తెలుగు మాటలతో థియేటర్లకు వచ్చింది. కాలేజీలో చదివే మనవరాలు తాతను తీసుకుపోతానని పట్టుబట్టింది. గొడవ అక్కడ మొదలైంది.

మూడు అభ్యంతరాలు

మామయ్యకు మూడు అభ్యంతరాలు ఉన్నాయి. మూడూ కొట్టివేయదగినవి కావు.

మొదటిది కార్టూను అన్న మాట. జపాను కార్టూను అంటే ఆయనకు తెలిసింది టీవీలో తెలుగులో వచ్చే షిన్‌చాన్ ఒక్కటే. అయిదేళ్ళ పిల్లవాడు తల్లికి ఎదురు చెప్పడం, పెద్దవాళ్ళను ఆట పట్టించడం అందులో కథ. సెలవులకు వచ్చిన మనవలు ఆ పిల్లవాడి గొంతుతోనే అమ్మమ్మకు జవాబులు చెబుతుంటే మామయ్య ఒకటి రెండుసార్లు టీవీ కట్టేశారు. "ఆ భాషతోటి రాముడు మాట్లాడుతడా?" అన్నది ఆయన ప్రశ్న.

రెండోది, తీసింది పరదేశీయులు. "పర్ణశాల ఎటు ఉందో తెలియనోళ్ళు, పంచె కట్టు తెలియనోళ్ళు రామాయణం తీస్తరా?" అన్నారు.

మూడోది ఆయన చెప్పుకోలేదు గాని మాకు తెలుసు. అంతకు ముందు ఎప్పుడో ఒక రామాయణ చిత్రానికి ఎంతో ఆశపడి వెళ్ళి, తిరిగి వచ్చాక రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మళ్ళీ అలా మనసు కష్టపెట్టుకోవడం ఆయనకు ఇష్టం లేదు.

మనవరాలు వాదించలేదు. "తాతా, నీకు నచ్చకపోతే మధ్యలో లేచి వచ్చేద్దాం. నేను కూడా వచ్చేస్తా" అంది. ఆ మాట మీద ఆయన చెప్పులు వేసుకున్నారు.

ఢిల్లీలోనూ ఇదే మాట

విశేషమేమిటంటే, మామయ్య అన్న మాటలనే అంతకు నలభయ్యేళ్ళ ముందు ఢిల్లీలో చాలా పెద్దవాళ్ళు అన్నారు.

ఈ చిత్రానికి మూలపురుషుడు యుగో సాకో అనే జపాను దేశస్థుడు. 1983లో ఆయన మన దేశానికి వచ్చింది బొమ్మల సినిమా కోసం కాదు. పురావస్తు శాస్త్రజ్ఞుడు బి.బి. లాల్ అలహాబాదు దగ్గర జరిపిన తవ్వకాల మీద ఒక డాక్యుమెంటరీ తీయడానికి వచ్చారు. ఆ పనిలో రాముడి కథ ఆయన చెవిన పడింది. అది ఆయనను వదలలేదు. జపాను భాషలో దొరికిన రామాయణాలు పది దాకా చదివారు. చదివిన మీదట దీన్ని మనుషులతో కాక బొమ్మలతోనే తీయాలన్న నిర్ణయానికి వచ్చారు. రాముడు దేవుడు గనుక ఏ నటుడి కంటే బొమ్మే ఆయనకు తగిన రూపమని సాకో ఉద్దేశం.

ఇంతలో ఒక పత్రికలో డాక్యుమెంటరీ గురించి పొరపాటు వార్త వచ్చింది. రామాయణం ఈ దేశపు వారసత్వమని, పరదేశీయులు తమ ఇష్టం వచ్చినట్టు సినిమా తీయరాదని విశ్వహిందూ పరిషత్తు నుంచి ఢిల్లీలోని జపాను రాయబార కార్యాలయానికి నిరసన లేఖ వెళ్ళింది. సాకో వారిని కలిసి అపార్థం తొలగించారు. తొలగించి ఊరుకోక, అదే వరసలో తన బొమ్మల రామాయణం ఆలోచన కూడా చెప్పారు. జపానులో బొమ్మల చిత్రం అంటే పిల్లల కాలక్షేపం ఒక్కటే కాదని, పెద్దలూ చూసే గంభీరమైన కళ అని, దీనివల్ల రామకథ లోకమంతా తెలుస్తుందని వివరించారు.

ప్రభుత్వం మొదట సరేనన్నది. తరువాత, రామాయణం సున్నితమైన విషయమని, దాన్ని కార్టూనుగా చూపడం కుదరదని వెనక్కి తగ్గింది. అయోధ్య వివాదం ముదిరిన కాలం అది. రెండు దేశాలూ కలిసి తీయాలన్న సాకో కోరిక నెరవేరలేదు. చేసేది లేక నిర్మాణం జపానులోనే పెట్టుకున్నారు. కళాకారులను మాత్రం రెండు దేశాల నుంచీ తీసుకున్నారు.

ఈ సంగతి తరువాత నేను చెప్పినప్పుడు మామయ్య నవ్వి, "గోపన్న పాల్వంచ పరగణా తహశీల్దారు. రాముడికి గుడి కట్టించి గోల్కొండ జైలుకు పోయిండు. ఈయనకు జైలు తప్పింది గాని ఆఫీసుల చుట్టూ తిరుగుడు తప్పలే. రాముడి పని నెత్తిన పెట్టుకున్నోళ్ళకు మొదలు ఇట్టనే ఉంటది" అన్నారు.

లక్ష బొమ్మలు చేత్తో

చిత్రానికి ముగ్గురు దర్శకులు. యుగో సాకో, కోయిచి ససాకి జపానువారు. మూడో ఆయన మన రామ్ మోహన్. 1956లో ఫిల్మ్స్ డివిజన్ కార్టూను విభాగంలో చేరి, ఈ దేశంలో బొమ్మల చిత్రాలకు పెద్దదిక్కు అనిపించుకున్నారు. 2014లో పద్మశ్రీ అందుకున్నారు. 2019లో కన్నుమూశారు. వేషం, ఆభరణం, కట్టడం, పెద్దల ముందు నిలబడే తీరు వంటి విషయాల్లో భారతీయ బృందం జపాను చిత్రకారులకు దారి చూపింది. సంగీతం వనరాజ్ భాటియా. అసలు ప్రతిలో పాటలు సంస్కృతంలో ఉన్నాయి. రెండు దేశాల కళాకారులు కలిసి సుమారు 450 మంది పనిచేశారు. 80 కోట్ల యెన్‌ల దాకా ఖర్చయింది. యెన్ అంటే జపాను రూపాయి.

బొమ్మలు కదలడం ఎలా అన్నది పాఠకుల్లో చాలామందికి తెలియకపోవచ్చు. సినిమాలో సెకనుకు 24 చిత్రాలు కంటి ముందు నుంచి పోతాయి. ఒకదానికీ తరువాతి దానికీ కొద్ది తేడా ఉంటే, మన కంటికి అది కదలికగా తోస్తుంది. చెయ్యి పైకెత్తాలంటే, ఎత్తుతున్న చేతిని అంచెలంచెలుగా వేరువేరు బొమ్మలుగా వేయాలి. ఆ రోజుల్లో దీన్ని పారదర్శకమైన పలుచని రేకుల మీద చేత్తో గీసి, వెనకవైపు రంగు పూసేవారు. ఆ రేకును సెల్ అంటారు. అడవో, రాజభవనమో విడిగా వేసిన చిత్రపటం మీద ఈ రేకు పరిచి ఫొటో తీసేవారు. రేకు తీసి మరో రేకు పరిచి మళ్ళీ ఫొటో తీసేవారు. ఒక్కో బొమ్మను ఒకటికి రెండు ఫొటోలు తీసి కొంత పని తగ్గించుకోవడం కూడా ఆనవాయితీ.

ఈ చిత్రం 135 నిమిషాలు. లెక్కగడితే తెరమీద 1,94,400 చిత్రాలు దాటిపోతాయి. అందుకోసం చేత్తో వేసిన రేకులు సుమారు లక్ష. కంప్యూటరు బొమ్మలు ఇంకా సినిమాను పూర్తిగా ఆక్రమించని కాలం. ఒక్కొక్క బొమ్మ వెనక ఒక మనిషి, ఒక కుంచె ఉన్నాయి.

1990లో మొదలైన పని ముగిసి, 1993 జనవరి 10న ఢిల్లీలో జరిగిన అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో తొలిసారి చూపించారు. అయోధ్య ఘటన జరిగి అప్పటికి నెల రోజులు. దేశమంతటా థియేటర్లలో ఆడే యోగం చిత్రానికి అప్పట్లో పట్టలేదు. ఆ తరువాత టీవీలో వచ్చి, పట్నం పిల్లలకు బాగా దగ్గరైంది. హిందీ మాటలు కలిపినప్పుడు రాముడికి గొంతు ఇచ్చింది అరుణ్ గోవిల్. 1987 జనవరి నుంచి 1988 జులై దాకా ఆదివారం ఉదయాల్లో దూరదర్శన్ రామాయణంలో రాముడిగా కనిపించిన నటుడు ఆయనే. ఊరికి ఒక్క టీవీ ఉంటే దాని ముందు ఊరంతా కూర్చున్న రోజులు మన పాఠకులకు గుర్తుండే ఉంటాయి. యుగో సాకో 2012లో మరణించారు. తన చిత్రం తెలుగులో మాట్లాడటం, ఈ దేశంలో హాళ్ళలో ఆడటం ఆయన చూడలేదు.

హాల్లో జరిగింది

లోపల మామయ్య మొదట చేతులు కట్టుకొని వెనక్కి జారగిలబడి కూర్చున్నారు. పరీక్ష పెట్టే మేస్టారి కూర్చుడు అది. విశ్వామిత్రుడు వచ్చి యాగరక్షణకు రాముణ్ణి అడగడం, దశరథుడు తటపటాయించడం, తాటక వధ దాకా ఆయన ఉలకలేదు, పలకలేదు. మనవరాలు తెరను కాక తాతనే చూస్తోంది.

అడవి వచ్చిన తరువాత ఆయన కట్టుకున్న చేతులు విడిపోయాయి. మనది అడవి అంచు ఊరు. చెట్ల సందున ఎండ ఎలా పడుతుందో, పొద్దు వాలుతుంటే పక్షుల గోల ఎలా ఉంటుందో ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు. తెరమీది అడవిని చూసి, "వీళ్ళు అడివిల తిరిగినోళ్ళే" అని మెల్లగా నా చెవిలో అన్నారు. అది మొదటి మెప్పు.

బంగారు లేడి వచ్చింది. సీత ముచ్చటపడింది. రావణుడు వచ్చి ఎత్తుకుపోతుంటే జటాయువు అడ్డం పడ్డాడు. ముసలి పక్షి. గెలవలేనని తెలుసు. అయినా దారి వదలలేదు. జటాయువు నేలకూలే చోట మామయ్య తువాలు తీసి కళ్ళద్దాలు తుడుచుకున్నారు. ఆ తరువాత కళ్ళు తుడుచుకున్నారు. కొత్తగా ఆపరేషను అయిన కళ్ళని మనవరాలు కంగారు పడి, "నీళ్ళు కారుతున్నాయా తాతా, మందు వేయనా?" అంది. "మందు కాదు, ఊరుకో" అన్నారు.

మన ప్రాంతంవాళ్ళకు ఆ ఘట్టం ఎందుకు అంత దగ్గరో బయటివాళ్ళకు తెలియదు. భద్రాచలం పక్కన ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న ఏటపాకకు జటాయుపాక అన్నది అసలు పేరని, జటాయువు రావణుణ్ణి అడ్డగించింది అక్కడేనని పెద్దలు చెబుతారు. తెగిన రెక్క ఎగిరిపడిన చోటు రేకపల్లి అంటారు. ఖరదూషణులతో పాటు 14 వేల మంది రాక్షసులు కాలి బూడిదైన చోటు దుమ్ముగూడెం. భద్రాచలానికి 35 కిలోమీటర్ల దూరంలోని పర్ణశాలలో సీతమ్మ చీర ఆరేసుకున్న గుర్తులు బండ మీద చూపిస్తారు. మామయ్య తెరమీద చూసింది జపాను అడవిని కాదు. తనకు తెలిసిన దారినే.

ఆ తరువాత ఆయనను ఆపడం కష్టమైంది. హనుమంతుడు లంక కాల్చేటప్పుడు పక్క సీటు పిల్లవాడి కంటే ముందు ఆయనే చప్పట్లు కొట్టారు. కుంభకర్ణుడు కూలిన చోట మాత్రం "పాపం, అన్న కోసం వచ్చిండు" అన్నారు. చివర అయోధ్యకు తిరుగు ప్రయాణం అయ్యాక అందరూ లేచినా ఆయన లేవలేదు. తెరమీద పేర్లు వస్తున్నాయి. "అవి ఎవరి పేర్లు?" అని అడిగారు. బొమ్మలు వేసినవాళ్ళవని చెప్పాం. "అంతమందా?" అన్నారు. ఆ పేర్లు అయిపోయేదాకా నిలబడే ఉన్నారు.

మెట్లు దిగుతూ అడిగిన ప్రశ్న పైన చెప్పాను. మర్నాడు మళ్ళీ వెళ్ళాం. ఈసారి టిక్కెట్టు డబ్బులు ఆయనే ఇచ్చారు.

తోలుబొమ్మ, పడిగె, జపాను బొమ్మ

తిరుగు ప్రయాణంలో కొత్తగూడెం దాకా ఆయన ఆలోచిస్తూనే ఉన్నారు. బండి దిగాక, "అల్లుడూ, ఇది మనకు కొత్త అనుకొని నేను పొరపాటు పడ్డ. ఇది తోలుబొమ్మలాటే గదరా" అన్నారు.

ఆలోచిస్తే నిజమే. మేకతోలును వెలుతురు దూరేంత పలుచన చేసి, రంగులు వేసి, కాళ్ళూ చేతులూ విడిగా కత్తిరించి, దారంతో కుట్టి, పుల్లలతో ఆడిస్తారు. ముందు తెల్లబట్ట, వెనక దీపం. రేకు మీద రంగు వేసి బొమ్మను కదిలించడానికీ, తోలు మీద రంగు వేసి బొమ్మను కదిలించడానికీ తేడా ఎంత? రాముడు, రావణుడు, హనుమంతుడు తరతరాలుగా ఆ తెరమీద ఆడినవారే. మధ్యలో కేతిగాడు, బంగారక్క వచ్చి మోటు హాస్యాలు ఆడినా రాముడి గౌరవానికి లోటు వచ్చిందని ఎవరూ అనలేదు. అనంతపురం వైపు నిమ్మలకుంటలో ఈ కళ ఇంకా బతికి ఉంది. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

అంత దూరం ఎందుకు, మన జిల్లాలోనే చూడవచ్చు. డోలి కోయలు పడిగె అనే గుడ్డ మీద బొమ్మలు వేయించి, దాన్ని విప్పి, డోలు వాయిస్తూ తమ వేల్పుల కథలు, వంశాల కథలు చెబుతారు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య ఆ కథలు చెప్పే విద్యకే 2022లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో ఆయన పోయారు. చదువురాని కాలంలో బొమ్మ చూపి దేవుడి కథ చెప్పడం ఈ గడ్డకు పరాయిది కాదు.

జపానుకు కూడా రాముడు మరీ పరాయివాడు కాదు. బౌద్ధ కథలతో కలిసి రామకథ చైనా మీదుగా అక్కడికి వెళ్ళింది. 12వ శతాబ్దంలో తైరా నో యసుయోరి కూర్చిన 'హోబుత్సుషు' అనే గ్రంథంలో ఆ కథ ఉంది. సాకోకు అది తెలిసినా తెలియకపోయినా, ఆయన దేశంలో విత్తనం ఏనాడో పడింది.

ఇంకో ముచ్చట. మన అడవి పక్క పల్లెల్లో 1990లలో పిల్లలంతా ఆదివారం పూట టీవీ ముందు కూర్చొని చూసిన మోగ్లీ బొమ్మల ధారావాహిక గుర్తుందా? తోడేళ్ళు పెంచిన పిల్లవాడి కథ. హిందీ రాకపోయినా పాట అందరికీ వచ్చేది. అది కూడా జపానువారు 1989లో తీసిన 52 భాగాల ధారావాహికే. జపాను బొమ్మ అని తెలియకుండానే మనం చూశాం, మెచ్చుకున్నాం. అక్కడివారు ఇలాంటి వాటిని యానిమే అంటారు.

తానీషా ముత్యాలు

ఊరికి వచ్చాక రామాలయం అరుగు మీద ఈ సంగతి చర్చకు వచ్చింది. మామయ్యంత వయసే ఉన్న భజన మేళం సభ్యుడు ఒకరు గట్టిగా కాదన్నారు. "రామారావును లవకుశలో రాముడిగా చూసినోళ్ళం. బండ్లు కట్టుకొని పోయినం. ఆ మొహం చూసిన కళ్ళతో బొమ్మను చూస్తమా? అదీ పరదేశపోళ్ళు వేసింది!" అన్నారు.

మామయ్య కోపం తెచ్చుకోలేదు. "1963ల నేనూ ఆ బండ్లనే ఉన్న. రామారావును కాదనేటోడు ఎవడు? కానీ బావా, మన భద్రాచలం రాముడు ఎట్ట ఉంటడు? నాలుగు చేతులు. కుడిచేత శంఖం, ఎడమచేత చక్రం. ఎడమ తొడ మీద సీతమ్మ. దేశంల ఎన్ని గుళ్ళల రాముడు అట్ట ఉన్నడు? చాలా గుళ్ళల రెండు చేతుల రాముడే. మరి మన రాముడు రాముడు కాకుండ పోయిండా? ఎవరికి ఎట్ట కనిపిస్తే వాళ్ళు అట్ట చేసుకున్నరు" అన్నారు.

ఆయన అక్కడితో ఆగలేదు. "పరదేశపోళ్ళు అంటివి. గోపన్నను జైల్ల పెట్టిన తానీషా ఏ మతమోడు? ఆయన పంపిన ముత్యాలు కల్యాణానికి రాముడు వద్దన్నడా? ఆ ఆనవాయితీ మీదనే గదా ఇప్పటికీ ప్రభుత్వం ముత్యాల తలంబ్రాలు తెస్తున్నది. తానీషా ముత్యం పనికొచ్చినప్పుడు జపానాయన బొమ్మ ఎందుకు పనికిరాదు? తెచ్చినోడు ఎవరు అని కాదు, ఎంత శ్రద్ధగా తెచ్చిండు అన్నది చూడాలె" అన్నారు.

అరుగు మీద కొంతసేపు మాట లేదు. బావగారు ఒప్పుకున్నారని చెప్పలేను. "సరే, నాకు కూడా ఒకసారి చూపిచ్చు" అని మాత్రం అన్నారు.

నచ్చని సంగతులు

మామయ్యకు అన్నీ నచ్చాయని కాదు. ఆ మాట ఆయనే చెప్పారు. సీతారాముల కల్యాణం మనం మిథిలా స్టేడియంలో చూసుకునే కల్యాణంలా లేదని, చూపు నిలిచేలోగా దాటిపోయిందని ఆయన ఫిర్యాదు. రెండుంబావు గంటల్లో ఆరు కాండలు ఇమడ్చాలంటే ఏదో ఒకటి తగ్గక తప్పదు. భజనలో ఒక రాత్రంతా పాడుకునే ఘట్టం అక్కడ రెండు నిమిషాలు. కొన్ని మొహాలు, ముఖ్యంగా కళ్ళు, మన బొమ్మల కళ్ళలా లేవని కూడా అన్నారు. "మన తోలుబొమ్మ కండ్లు చేపల్లెక్క ఉంటయి. వీళ్ళవి వేరే" అన్నారు. అన్నాక, "పోనీ, వాళ్ళ కండ్లతోటి వాళ్ళు చూసిండ్రు" అని సర్దుకున్నారు.

యుద్ధం చూపించిన తీరును మాత్రం పదేపదే మెచ్చుకున్నారు. రాముడు గెలిచాడని గంతులు వేయడం లేదని, చంపవలసి వచ్చిందే అన్న బరువు ఆ మొహంలో కనిపించిందని ఆయన అన్నారు. అది రెండోసారి చూసినప్పుడు పట్టుకున్న సంగతి.

పర్ణశాలలో

ఇదంతా ఒక ముసలాయన సినిమా మెచ్చుకున్న కథ అయితే పత్రికలో రాయవలసిన పని లేదు. అసలు సంగతి ఆ తరువాత జరిగింది.

మా ఊరి భజనకు కొన్నేళ్ళుగా పిల్లలు రావడం మానేశారు. వచ్చినా సెల్‌ఫోను పట్టుకొని స్తంభానికి ఆనుకొని కూర్చుంటారు. కథ చెబుతానంటే మామయ్య మనవలే "మాకు తెలుసులే తాతా" అనేవారు. తెలుసు అంటే పేర్లు తెలుసు. ఆ మాట విన్న ప్రతిసారీ ఆయన లోపల ఎంత నొచ్చుకున్నదీ మేము గమనించలేదు. కార్టూను అనగానే ఆయనకు అంత కోపం రావడానికి కారణం అదే. తన దగ్గర కథ వినని పిల్లలను ఆ బొమ్మలే లాక్కుపోయాయని ఆయన నమ్మకం.

2025 ఏప్రిల్ 6న శ్రీరామనవమి. కల్యాణానికి ఎప్పటిలాగే వెళ్ళారు. వేసవి సెలవుల్లో హైదరాబాదు మనవలు వచ్చారు. అందరూ అక్కతో కలిసి ఆ బొమ్మల చిత్రం చూసినవాళ్ళే. ఈసారి ప్రశ్నలు వాళ్ళే అడిగారు. "తాతా, జటాయువు పడ్డది నిజంగా ఇక్కడేనా? లేడి ఎటు పరుగెత్తింది? లక్ష్మణుడు గీత ఎక్కడ గీశాడు?" మామయ్య ఒక్కదానికీ ఇంట్లో కూర్చొని జవాబు చెప్పలేదు. జీపు మాట్లాడి అందరినీ ఎక్కించుకొని పర్ణశాల తీసుకువెళ్ళారు. నేనూ వెళ్ళాను.

బండ మీద నారచీర గుర్తుల దగ్గర కూర్చొని ఆయన కథ ఎత్తుకున్నారు. సినిమాలో రెండు నిమిషాల్లో పోయినదాన్ని ఆయన గంటన్నర చెప్పారు. లేడి పరుగెత్తిన దిక్కు చేయి చూపారు. పిల్లల్లో ఒకడు మధ్యలో "సినిమాలో అట్లా లేదు కదా తాతా" అన్నాడు. "సినిమాల లేనిది చెప్పడానికే గదరా నేను ఉన్నది" అన్నారు మామయ్య. గోదావరి మీద పొద్దు వాలేదాకా ఒక్క పిల్లా ఫోను తీయలేదు.

తిరిగి వస్తూ దుమ్ముగూడెం దగ్గర జీపు ఆపించి, బూడిద కథ కూడా చెప్పారు. చిన్నవాడు నిద్రపోయాడు. పెద్దది మాత్రం వింటూనే ఉంది.

ఇప్పుడు శనివారం భజనకు ఊళ్ళో పిల్లలు అయిదారుగురు వస్తున్నారు. భజన ముగిశాక అరగంట కథ. ఎక్కడ ఆపారో మళ్ళీ వారం అక్కడ మొదలు. కథలో బొమ్మ కావలసి వస్తే పిల్లలే నోటు పుస్తకంలో వేసి తెస్తున్నారు. ఒకడు వేసిన హనుమంతుడికి కళ్ళు జపాను కళ్ళే వచ్చాయి. మామయ్య అది చూసి, తోక కొంచెం పొడుగు చేయమన్నారు. కళ్ళను మార్చమనలేదు.